గేమింగ్ పీసీ బిల్డ్: గ్రాఫిక్స్ కార్డు, మిగతా పార్ట్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా పీసీ బిల్డ్ చేసుకుందామనుకునే ప్రతి ఒక్కరికీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. ఇన్నాళ్లూ అడిగినవాళ్లకి విడివిడిగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనడానికి ముందు

ముందు గ్రాఫిక్స్ కార్డు సెలెక్ట్ చేసుకోవాలా, ప్రాసెసరా?

అన్నిటికంటే ముందు మానిటర్. ఒక్కో ఫ్రేమ్‌కి, అంటే స్క్రీన్ మీద మారే ఒక్కో బొమ్మకి, కార్డు ఎన్ని పిక్సెల్స్ (చుక్కలు) గీయాలో తేల్చేది అదే. 1080పీ స్క్రీన్ మీద సుమారు 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. 1440పీ అయితే 36.9 లక్షలు, 4కే అయితే దాదాపు 83 లక్షలు. 1080పీకి చక్కగా సరిపోయిన కార్డు 4కే స్క్రీన్ తగిలించగానే చతికిలబడటానికి కారణం ఇదే.

రెండోది రిఫ్రెష్ రేట్, అంటే స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందనేది. 60 హెర్ట్జ్ స్క్రీన్‌కి ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో తయారైతే చాలు. 144 హెర్ట్జ్‌కి ఉన్న టైము 6.9 మిల్లీసెకన్లే. అంత వేగం కావాలంటే కార్డు ఒక్కటే బాగుంటే చాలదు, ప్రాసెసర్ కూడా అందుకోవాలి. అందుకే కొనే ముందు ఒక కాగితం మీద మానిటర్ రెజల్యూషన్, దాని హెర్ట్జ్, మీరు నిజంగా ఎక్కువసేపు ఆడే రెండు మూడు గేమ్‌ల పేర్లు రాసుకోండి. "ఎప్పుడైనా ఆడొచ్చేమో" అనిపించేవి రాయకండి. తర్వాత ఆ గేమ్‌లలోనే, ఆ రెజల్యూషన్‌లోనే చేసిన టెస్టులు వెతికి చూడండి. కార్డు దానంతట అదే తేలుతుంది.

మొత్తం బడ్జెట్‌లో కార్డుకి ఎంత పెట్టొచ్చు?

గ్రాఫిక్స్ భారీగా ఉండే గేమ్‌లు ఆడేవాళ్లు మూడో వంతు నుంచి సగం లోపు పెట్టొచ్చు. సగం దాటుతోందంటే ఏదో ఒక పార్ట్‌ని బలి ఇస్తున్నారని అర్థం, చాలాసార్లు ఆ బలి పవర్ సప్లైయే. పోటీ షూటర్లు (కాల్పుల గేమ్‌లు) తక్కువ సెట్టింగ్స్‌లో సెకనుకి ఎక్కువ ఫ్రేములతో ఆడేవాళ్లు మాత్రం కార్డు మీద కొంచెం తగ్గించి ప్రాసెసర్, మానిటర్ మీద పెడితే ఆటలో తేడా బాగా తెలుస్తుంది.

కొత్త సిరీస్ వస్తుందంటున్నారు, ఆగమంటారా?

ఎన్విడియా కంపెనీ కార్డుల్లో 30 సిరీస్ 2020లో, 40 సిరీస్ 2022లో, 50 సిరీస్ 2025లో వచ్చాయి. అంటే ఎప్పుడు కొన్నా ఏదో ఒకటి రాబోతూనే ఉంటుంది. విడుదల తేదీ ప్రకటించి, అది ఒకటి రెండు నెలల్లోనే ఉంటే ఆగండి. పుకార్లను నమ్మి ఆగొద్దు.

ఆ ప్రాసెసర్‌కి ఈ కార్డు పెడితే ఇంత శాతం బాటిల్‌నెక్ (ఒక పార్ట్ ఇంకోదాన్ని వెనక్కి లాగడం) అని చూపించే కాలిక్యులేటర్లు నమ్మొచ్చా?

నమ్మకండి. ఒకే పీసీలో ఒక గేమ్ కార్డు దగ్గర ఆగుతుంది, ఇంకో గేమ్ ప్రాసెసర్ దగ్గర ఆగుతుంది. అదే గేమ్‌లో సెట్టింగ్స్ మార్చినా లెక్క మారిపోతుంది. అన్నిటికీ కలిపి ఒక శాతం చెప్పడం కుదరని పని. మీ పీసీలో ఏది ఆపుతోందో మీరే చూసుకోవచ్చు. గేమ్ ఆడుతూ రెజల్యూషన్ తగ్గించండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు ఆపుతోంది, పెద్దగా మారకపోతే ప్రాసెసర్ ఆపుతోంది. కార్డు వాడకం ఎప్పుడూ 95 శాతం పైన ఉంటోందంటే కంగారు పడాల్సిందేమీ లేదు, పెట్టిన డబ్బుకి కార్డు పూర్తిగా పని చేస్తున్నట్టే.

## గ్రాఫిక్స్ కార్డు ఎంచుకునేటప్పుడు

8 జీబీ కార్డు తీసుకోవచ్చా, ఇక సరిపోదా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. 1080పీలో పోటీ షూటర్లు, పాత గేమ్‌లు, తేలికైన గేమ్‌లు ఆడేవాళ్లకి 8 జీబీ ఇప్పటికీ నడుస్తుంది. 2023 నుంచి వస్తున్న భారీ గేమ్‌లలో టెక్స్చర్స్ (గోడలు, నేల లాంటివాటి మీద అతికించే బొమ్మలు) హై లేదా అల్ట్రాలో పెడితే మాత్రం ఇరుకైపోతోంది. రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు గీసే పద్ధతి) ఆన్ చేస్తే ఇంకొంత మెమరీ కావాలి. ఫ్రేమ్ జనరేషన్‌కి (మధ్యలో కొత్త ఫ్రేములు పుట్టించే పద్ధతికి) మరికొంత.

కార్డు మెమరీ నిండిపోతే ఏమవుతుందో తెలిస్తే దీని సంగతి బాగా అర్థమవుతుంది. అందులో పట్టని డేటా పీసీ మామూలు ర్యామ్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి మళ్లీ కార్డుకి రావడానికి ఉన్న దారి చాలా సన్నం. సగటు ఫ్రేములు చూస్తే 70 అని బాగానే కనిపిస్తుంది, కానీ తల తిప్పినప్పుడల్లా గేమ్ ఒక్క క్షణం పట్టేసినట్టవుతుంది. కొన్ని గేమ్‌లు ఇంకో పని చేస్తాయి: మీకు చెప్పకుండానే టెక్స్చర్ల నాణ్యత తగ్గించేస్తాయి. గ్రాఫ్‌లో అంతా సవ్యంగానే ఉంటుంది, గోడలు, నేల మాత్రం మసకగా కనిపిస్తాయి. రివ్యూ చూసేటప్పుడు సగటు ఫ్రేములతో పాటు 1 శాతం కనిష్ఠ ఫ్రేములు (అన్నిటికంటే నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) కూడా చూడమని అందుకే చెబుతాను.

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఈ మూడూ 8 జీబీలోనూ 16 జీబీలోనూ వచ్చాయి. నాలుగేళ్లు వాడాలనుకుంటే 16 జీబీదే తీసుకోండి. తర్వాత మెమరీ పెంచుకునే అవకాశం గ్రాఫిక్స్ కార్డులో ఉండదు.

అలాగని మెమరీ ఎక్కువున్నదల్లా వేగంగా ఉండదు. 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కంటే 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060, మెమరీ నిండనంతవరకూ, వేగంగానే ఉంటుంది. ముందు చిప్ బలం చూసి, దానికి తగ్గ మెమరీ ఉందో లేదో చూడండి.

నంబర్ పెద్దదైతే మంచి కార్డే కదా?

కాదు. ఎన్విడియా పేర్లలో ముందున్న అంకెలు తరాన్ని చెబుతాయి, చివరి రెండు అంకెలు ఆ తరంలో దాని స్థాయిని చెబుతాయి. 4060 కొత్తది, 3080 పాతది. గేమ్‌లలో 3080యే స్పష్టంగా వేగం. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీకి, దాని తర్వాతి తరం 7800 ఎక్స్‌టీకి వేగంలో పెద్ద తేడా లేదు.

ఒకే పేరుతో రెండు రకాల కార్డులు అమ్మడం ఇంకా బాధ పెట్టే విషయం. 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 అంటే 8 జీబీ దాంట్లోంచి 2 జీబీ తీసేశారు, అంతే అనుకుంటారు. నిజానికి కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) 2560 నుంచి 2304కి తగ్గాయి, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96కి ఇరుకైంది. పాత జీటీఎక్స్ 1060లో కూడా 3 జీబీ కార్డుకి 1152 కోర్లే, 6 జీబీ కార్డుకి 1280. జీటీ 1030 అయితే జీడీడీఆర్5తో ఒకటి, డీడీఆర్4తో ఒకటి వచ్చాయి. రెండోదాని మెమరీ వేగం మొదటిదాంట్లో సగం కూడా లేదు. ల్యాప్‌టాప్‌లో ఉండే 4090, డెస్క్‌టాప్ 4090 కూడా ఒకటి కావు. ల్యాప్‌టాప్ దానిలో చిప్ చిన్నది, మెమరీ 24కి బదులు 16 జీబీ. బాక్స్ మీద పేరు చూసి ఆగిపోకుండా మెమరీ ఎంత, ఏ రకం, ఎన్ని బిట్లు, ఎన్ని కోర్లు అనేవి కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో చూశాకే డబ్బు కట్టండి.

ఎన్విడియానా, ఏఎండీనా, ఇంటెల్ ఆర్కా?

రే ట్రేసింగ్ ఎక్కువ వాడేవాళ్లకి, గేమ్‌లతో పాటు త్రీడీ రెండరింగ్, ఏఐ పనులు చేసేవాళ్లకి ఎన్విడియా సులువు. చాలా సాఫ్ట్‌వేర్లు దాని "కుడా" అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థ మీదే ఆధారపడి ఉన్నాయి. గేమ్‌లు మాత్రమే అయితే ఏఎండీని తప్పకుండా పోల్చి చూడండి. 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9000 సిరీస్‌తో రే ట్రేసింగ్‌లో ఉన్న దూరం బాగా తగ్గింది.

2024 డిసెంబర్‌లో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 లో 12 జీబీ మెమరీ ఉంది, తక్కువ బడ్జెట్‌లో మంచి ఎంపిక. కానీ రెండు షరతులు: మీ బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే సెట్టింగ్) ఆన్ అవ్వాలి, ప్రాసెసర్ మరీ పాతది కాకూడదు. పాత ఆరు కోర్ల ప్రాసెసర్‌తో ఈ కార్డు వేసినవాళ్లకి రివ్యూల్లో చూసినన్ని ఫ్రేములు రావు.

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్, ఫ్రేమ్ జనరేషన్ ఉంటే చిన్న కార్డుతో సరిపెట్టుకోవచ్చా?

ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ చేసే అప్‌స్కేలింగ్, అంటే తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం, నిజంగా పనికొస్తుంది. 4కేలో డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్ పెడితే కార్డు లోపల 1440పీలో గీసి దాన్ని 4కేకి పెంచుతుంది. బొమ్మ చాలావరకు బాగుంటుంది. కానీ 1080పీ స్క్రీన్ మీద అదే మోడ్ పెడితే లోపల గీసేది 720పీలో. పెంచడానికి అంత సమాచారమే ఉండదు కాబట్టి ఫలితం అంత బాగా రాదు.

ఫ్రేమ్ జనరేషన్ వేరే సంగతి. అది రెండు నిజమైన ఫ్రేముల మధ్య కొత్తవి పుట్టిస్తుంది. స్క్రీన్ మీద కదలిక మెత్తగా కనిపిస్తుంది గానీ మౌస్ కదిపితే స్పందన మాత్రం అసలు ఫ్రేముల వేగంలోనే ఉంటుంది, ఇంకాస్త ఆలస్యం కూడా కలుస్తుంది. అసలు ఫ్రేములు 60 దగ్గర ఉంటే బాగుంటుంది. 30 దగ్గర ఉన్నప్పుడు ఆన్ చేస్తే చేయి బరువెక్కినట్టు అనిపిస్తుంది. కంపెనీ చూపించే పోలిక గ్రాఫ్‌లో ఫ్రేమ్ జనరేషన్ కలిపారో లేదో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అది చదవండి.

మైనింగ్‌లో వాడిన సెకండ్ హ్యాండ్ కార్డు కొనొచ్చా?

2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ పద్ధతి మార్చడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది. అప్పుడు వేల కార్డులు సెకండ్ హ్యాండ్‌కి వచ్చాయి. వాటిలో చిప్ చాలాసార్లు బాగానే ఉంటుంది. అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి థర్మల్ ప్యాడ్లు (వేడిని కూలర్‌కి చేరవేసే మెత్తటి పట్టీలు). కొనే ముందు మీ ముందే ఒక భారీ గేమ్‌ని అరగంట నడిపించమనండి. ఫ్యాన్ గరగర, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు, చిప్ సగటు టెంపరేచర్‌కీ హాట్‌స్పాట్‌కీ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటుకీ) మధ్య మరీ పెద్ద తేడా, వీటిలో ఏది కనిపించినా వదిలేయండి. నడిపి చూపించనంటే బేరమే వద్దు.

ఇంకొకటి, జీటీఎక్స్ 900, 1000 సిరీస్ కార్డులకి కొత్త గేమ్‌ల కోసం ఇచ్చే డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగాయి. పైగా ఆ కార్డుల్లో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేదు. అది లేకపోతే అసలు మొదలే కాని పెద్ద గేమ్‌లు వస్తున్నాయి.

నా బోర్డులో పీసీఐఈ 3.0 ఉంది, కొత్త కార్డు పని చేస్తుందా?

పని చేస్తుంది. పీసీఐఈ అంటే కార్డునీ బోర్డునీ కలిపే దారి, లేన్లు అందులోని వరసలు. 16 లేన్లు వాడే కార్డులకి తేడా చాలా తక్కువ. 8 లేన్ల కార్డుల్లో, మెమరీ నిండినప్పుడు, తేడా తెలుస్తుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి 4 లేన్ల కార్డుని మాత్రం పాత బోర్డులో వేయొద్దు. ఉన్న సన్నని దారి సగమైపోతుంది.

రెండు చిన్న కార్డులు కలిపి వేస్తే?

వద్దు. ఈ తరం గేమ్‌లు రెండో కార్డుని వాడవు.

## ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై, మిగతావి

గేమింగ్‌కి ఎన్ని కోర్ల ప్రాసెసర్ కావాలి?

ఇప్పటి తరం 6 కోర్లు చాలామందికి చాలు, 8 ఉంటే నిశ్చింత. గేమ్‌లకి కోర్ల లెక్క కంటే క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) ఎక్కువ ఉపయోగం. ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డీ లో 8 కోర్లే ఉన్నా 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉండటం వల్ల, ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్లని కూడా గేమ్‌లలో దాటేసింది.

ఏఎండీ ఏఎమ్5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 2022లో వచ్చింది. 2027 దాకా దానికి ప్రాసెసర్లు తెస్తామని కంపెనీ చెప్పింది. బోర్డు మార్చకుండా తర్వాత ప్రాసెసర్ మార్చుకోవాలనుకునేవాళ్లకి ఇది పెద్ద లాభం. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే జాగ్రత్త. వోల్టేజ్ ఎక్కువై అవి పాడవుతున్నాయని తేలి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. అప్‌డేట్ వేయకుండా ఎన్నాళ్లు వాడారో అమ్మేవాళ్లని అడగండి.

పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు కొంటున్నారు కాబట్టి పరవాలేదు, కానీ కార్డు రిపేర్‌కి వెళ్లిన రోజు స్క్రీన్ వెలగదు.

ర్యామ్ 16 జీబీయా, 32 జీబీయా? ఒకటే స్టిక్ కొని తర్వాత ఇంకోటి వేస్తే?

కొత్త బిల్డ్ అయితే 32 జీబీ, అదీ 16 జీబీ స్టిక్కులు రెండు ఒకే ప్యాక్‌లో కొనండి. ఒకటే స్టిక్ వేస్తే మెమరీ ఒకే ఛానెల్‌లో నడిచి, ప్రాసెసర్ మీద భారం ఉన్న గేమ్‌లలో ఫ్రేములు పడిపోతాయి. తర్వాత విడిగా కొన్న స్టిక్ మొదటిదానితో కలిసి పూర్తి వేగంతో నడుస్తుందన్న భరోసా ఉండదు. ఏఎమ్5 వాళ్లకి డీడీఆర్5 6000 దగ్గర ఆగితే చాలు.

ఖరీదైన మదర్‌బోర్డు వేస్తే ఫ్రేములు పెరుగుతాయా?

పెరగవు. మీ ప్రాసెసర్‌కి కావలసిన కరెంటుని తాను వేడెక్కకుండా అందించే వీఆర్‌ఎమ్ (వోల్టేజ్ సర్దే భాగం), ఎస్‌ఎస్‌డీల కోసం కావలసినన్ని ఎం.2 స్లాట్లు, ప్రాసెసర్ లేకుండానే బయాస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకునే బటన్, ఇవి ఉంటే చాలు. మిగిలిన డబ్బు కార్డుకి పెట్టండి.

పవర్ సప్లై ఎన్ని వాట్లది తీసుకోవాలి? 80 ప్లస్ గోల్డ్ ఉంటే చాలా?

కార్డు వాట్లు, ప్రాసెసర్ భారీ లోడ్‌లో వాడే వాట్లు కలిపి, మిగతావాటికి ఒక 100 వేసి, ఆ మొత్తం మీద మూడో వంతు అదనంగా ఉంచుకోండి. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5070 వాడేది 250, ఆర్‌టీఎక్స్ 5090 ఏకంగా 575. ఉదాహరణకి 250 వాట్ల కార్డు, 140 వాట్ల ప్రాసెసర్, 100 మిగతావి, మొత్తం 490. మూడో వంతు కలిపితే 650 వాట్లది సరిపోతుంది. అదనం ఎందుకంటే కార్డులు మిల్లీసెకన్ల పాటు తమ రేటింగ్ కంటే చాలా ఎక్కువ లాగుతాయి. బలహీనమైన పవర్ సప్లై ఆ కుదుపుకే పీసీని ఆఫ్ చేసేస్తుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ కుదుపులని దృష్టిలో పెట్టుకునే తయారైంది.

80 ప్లస్ అనేది కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెప్పే గుర్తు మాత్రమే. లోపల కెపాసిటర్లు ఎలాంటివో, షార్ట్ అయితే రక్షణ సరిగ్గా పని చేస్తుందో లేదో అది చెప్పదు. విప్పి చూసి, కొలిచి రాసిన రివ్యూ ఉన్న మోడల్ తీసుకోండి. బిల్డ్ మొత్తంలో పాడైపోతే పక్క పార్ట్స్‌ని కూడా తీసుకుపోగలిగేది ఇదొక్కటే. అందుకే దీని దగ్గర పొదుపు చేస్తామంటే నేను ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను.

ఎస్‌ఎస్‌డీ ఎంత వేగంది కావాలి?

కేబుల్‌తో తగిలించే సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, బోర్డు మీద ఎం.2 స్లాట్‌లో పెట్టే పీసీఐఈ 4.0 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 7000 దాకా వెళ్తుంది. గేమ్ లోడింగ్‌లో తేడా మాత్రం అన్నింతలు ఉండదు. మామూలు ఎన్‌వీఎంఈ 1 టీబీది చాలు, వీలైతే వేగం బదులు సైజు పెంచుకోండి.

క్యాబినెట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

కార్డు పొడవు, కూలర్ ఎత్తు మిల్లీమీటర్లలో రాసుకుని క్యాబినెట్ ఇచ్చే హద్దులతో సరిచూడండి. ముందు వైపు ఫ్యాన్లు బిగిస్తే కార్డుకి దొరికే పొడవు కొంత తగ్గుతుంది. ముందు అద్దం ఉన్నదానికంటే జాలీ ఉన్నది గాలి బాగా ఆడనిస్తుంది.

## బిగించేటప్పుడు

పాత పవర్ సప్లై కేబుల్స్ బాగానే ఉన్నాయి, కొత్తదానికి వాడొచ్చా?

వద్దు, దయచేసి ఈ తప్పు చేయకండి. మాడ్యులర్ (పవర్ సప్లై నుంచి ఊడదీయగలిగే) కేబుల్స్‌లో పార్ట్ వైపు కొన ఒకేలా ఉంటుంది, పవర్ సప్లై వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. ప్లగ్ చక్కగా దూరుతుంది కాబట్టి అనుమానమే రాదు. నేను ఒకసారి పాత సాటా కేబుల్ అలాగే వదిలేసి పవర్ సప్లై మాత్రం మార్చాను. ఆన్ చేసిన క్షణంలో హార్డ్ డిస్క్ కాలిపోయింది, అందులో ఇంట్లోవాళ్ల ఫోటోలు ఉన్నాయి. 5 వోల్టులు రావలసిన పిన్నులోకి 12 వోల్టులు వచ్చాయి. కొత్త పవర్ సప్లైతో వచ్చిన కేబుల్స్ తప్ప వేరేవి తగిలించకండి.

16 పిన్నుల కనెక్టర్లు కరిగిపోతున్నాయట, నాకు టెన్షన్‌గా ఉంది.

పెద్ద కార్డులకి పవర్ ఇచ్చే ఈ కనెక్టర్ మీద 2022లో ఆర్‌టీఎక్స్ 4090తో ఫిర్యాదులు మొదలయ్యాయి. చాలా కేసుల్లో కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్లలేదని ఎన్విడియా తేల్చింది. తర్వాత కనెక్టర్ పూర్తిగా దూరకపోతే కార్డు పవర్ తీసుకోకుండా ఉండేలా, దాన్ని గుర్తించే సెన్స్ పిన్నులు పొట్టిగా చేసి 12వీ-2ఎక్స్6 అనే సవరించిన డిజైన్ తెచ్చారు, దానితో కూడా అక్కడక్కడా ఫిర్యాదులు వచ్చాయి. మీరు చేయగలిగింది ఇది: కనెక్టర్‌కీ కార్డుకీ మధ్య సందు కనిపించకుండా గట్టిగా నొక్కండి, దాని దగ్గరే కేబుల్‌ని వంచకుండా ఒక 3 సెంటీమీటర్లు నిటారుగా వదలండి, ఒకటి రెండు వారాలయ్యాక ఒకసారి చూడండి. 200 వాట్ల లోపు కార్డులకి ఈ ప్రమాదం చాలా తక్కువ.

ర్యామ్ ఏ స్లాట్లలో పెట్టాలి?

నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది. బోర్డు మాన్యువల్‌లో వేరేగా ఉంటే దాని మాటే వినండి.

## ఆన్ చేశాక

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు!

ముందుగా కేబుల్ చూడండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి, మదర్‌బోర్డుకి కాదు. డీడీఆర్5 బిల్డ్ అయితే మొదటిసారి మెమరీని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో స్క్రీన్ నల్లగానే ఉంటుంది, పవర్ బటన్ నొక్కేయకుండా ఒక పది నిమిషాలు ఓపిక పట్టండి. అప్పటికీ రాకపోతే కార్డు పవర్ కేబుల్స్ చూసి, ఒకే ర్యామ్ స్టిక్‌తో ప్రయత్నించండి. బోర్డు మీద చిన్న లైట్లు ఉంటే ఏది వెలుగుతోందో చూడండి, తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. ప్రాసెసర్ మీ బోర్డు కంటే కొత్తదైతే బయాస్ అప్‌డేట్ కావలసి ఉండొచ్చు.

రివ్యూల్లో వచ్చినన్ని ఫ్రేములు నాకు రావట్లేదు, కార్డులో లోపమా?

చాలాసార్లు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని బాక్స్ మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ 4800లోనే నడుస్తుంది. రీసైజబుల్ బార్ కూడా అక్కడే ఉంటుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60 హెర్ట్జ్ మీదే ఉండిపోవడం చాలా మామూలు, 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60లో ఆడినవాళ్లు ఎందరో. పాత కార్డు తీసి కొత్తది వేసినట్టయితే పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది వేయండి.

గేమ్ ఆడుతుంటే కార్డు 78 డిగ్రీలు చూపిస్తోంది, కాలిపోతుందా?

కాలిపోదు. భారీ గేమ్‌లో 65 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండటం మామూలే. రైజెన్ 7000 ఎక్స్ మోడళ్లయితే పూర్తి లోడ్‌లో 95 దాకా వెళ్లేలాగే తయారయ్యాయి. కొత్త బిల్డ్‌లో ప్రాసెసర్ ఏ పనీ చేయకుండానే 90 దాటుతోందంటే మాత్రం వెంటనే ఆఫ్ చేసి కూలర్ విప్పండి, అడుగున అంటించి ఉండే ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోయి ఉండొచ్చు. అది తీసి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉన్న పాత థర్మల్ పేస్ట్ తుడిచి, కొత్తది బఠాణీ గింజంత వేసి మళ్లీ బిగించండి.